కోర్టు ఆర్డరు తెస్తే చేర్చుకుంటారా: ఒక మద్యపాన కేసు

డాక్టరుగా నేను చూసిన ఒక తాగుడు రోగి కేసు ఇది. దీని గురించి రాయడానికి అతనూ భార్యా ఒప్పుకున్నారు. ఊరు చెప్పడం లేదు. వయసులు, పిల్లల వివరాలు మార్చాను. వృత్తి మాత్రం మార్చలేదు. ఆ పని చేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, పైగా అది లేకుండా ఈ కేసు అర్థం కాదు.

నేపథ్యం

అతనిది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన వ్యవసాయ మోటార్లను విప్పి, పాత రాగి తీగ తీసేసి, కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి ఇస్తాడు. చుట్ల లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలుతుంది. అంటే వేళ్లు వణకకూడదు, లెక్క మరవకూడదు. నలభైకి దగ్గరపడిన ఈ మనిషి పదిహేనేళ్లుగా తాగుతున్నాడు. చాలాకాలం షాపు మూశాకే తాగేవాడు. తర్వాత మధ్యాహ్నం భోజనానికి ముందు మొదలైంది. కుటుంబం నా దగ్గరకు వచ్చేనాటికి రోజుకు మూడు నాలుగు క్వార్టర్లు, మొదటిది షట్టరు ఎత్తకముందే.

ఇంట్లో తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. భార్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె తమ్ముడు అదే ఊళ్లో వ్యాపారం చేస్తాడు. రోగి అక్క అమెరికాలో, ఫ్లోరిడాలో ఉంటుంది.

నా దగ్గరకు రావడానికి ఏడాది ముందు తల్లి మందుల షాపులో అడిగి డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి, కొడుక్కు తెలియకుండా చారులో కలిపింది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆ సంగతి తెలిసి, ఒప్పుకుని మింగేవారికే దాన్ని ఇవ్వాలి. అతను రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు. విషయం బయటపడ్డాక ఇంట్లో చారు ముట్టడం మానేశాడు. తాగడం మానలేదు.

వాళ్లు అడిగింది, నేను చెప్పింది

మొదటిసారి తల్లి, భార్య, బావమరిది వచ్చారు. అతను రాలేదు. బావమరిది చేతిలో వకీలు రాసిపెట్టిన పిటిషన్ ఉంది. "డాక్టరు గారూ, కోర్టు ఆర్డరు తెస్తే మీరు చేర్చుకుంటారా?" అన్నదే మొదటి మాట.

ఆ ఆలోచన ఫ్లోరిడా నుంచి వచ్చింది. అక్కడ 1993 నుంచి మార్చ్‌మన్ చట్టం ఉంది. మత్తుకు బానిసైన మనిషి తన మంచిచెడ్డలు తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడని భార్యో, భర్తో, బంధువులో పిటిషన్ వేస్తే, న్యాయమూర్తి విచారించి బలవంతపు పరీక్షకు, ఆపైన చికిత్సకు ఆదేశించవచ్చు. తెలిసిన కుటుంబంలో అలా జరగడం అక్క చూసింది. తర్వాత ఆమెతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు కథలో మిగతా సగం కూడా తెలిసింది. ఆదేశం వచ్చాక చికిత్సకు చోటు వెతుక్కోవడం, డబ్బు కట్టడం చాలావరకు ఆ కుటుంబం మీదే పడ్డాయట. ఆ కుర్రవాడు మధ్యలో వెళ్లిపోతే మళ్లీ కోర్టుకెక్కవలసి వచ్చిందట. ఆ సగం ఇక్కడికి చేరలేదు.

మన దగ్గర ఉన్నది వేరు. 2018 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. సెక్షన్ 89 ప్రకారం, రోగి తరఫున మాట్లాడే నామినేటెడ్ ప్రతినిధి దరఖాస్తు చేస్తే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, రోగి ఒప్పుకోకపోయినా ముప్పై రోజుల వరకు చేర్చుకోవచ్చు. దానికి కోర్టు అక్కర్లేదు. కానీ షరతులున్నాయి. ఈమధ్య తనకు తాను హాని చేసుకోబోయి గానీ, చేసుకుంటానని బెదిరించి గానీ ఉండాలి, లేదా ఇతరుల మీద దౌర్జన్యానికి దిగి గానీ, కొడతాడేమోనన్న భయం కలిగించి గానీ ఉండాలి, లేదా ప్రమాదం వాటిల్లేంతగా తన సంగతి తాను చూసుకోలేని స్థితిలో ఉండాలి. మేజిస్ట్రేటు పాత్ర సెక్షన్ 102లో ఉంది. తన ముందుకు వచ్చిన మనిషికి మానసిక అనారోగ్యం ఉండవచ్చనిపిస్తే పరీక్ష కోసం పంపవచ్చు, పది రోజులకు మించకుండా ఆసుపత్రిలో ఉంచమనవచ్చు. మాదకద్రవ్యాల చట్టంలో శిక్షకు బదులు చికిత్సకు పంపే సెక్షన్ ఒకటుంది కానీ, అది ఆ చట్టం కింద నేరం రుజువైన బానిసలకే. మద్యం ఆ చట్టంలోకే రాదు.

మరి ఇతను ఆ షరతుల్లోకి వస్తాడా? రోజూ షాపు తెరుస్తున్నాడు. తింటున్నాడు. అరుస్తాడు, ఒకసారి కంచం విసిరాడు, ఎవరినీ కొట్టలేదు. చస్తానని ఎప్పుడూ అనలేదు. రాడని చెప్పాను. అతనే ఇష్టపడి వస్తే చూస్తానన్నాను.

తల్లి లేచి నిలబడి, "అయితే చచ్చాక చేర్చుకుంటారా?" అంది.

చట్టం గురించి నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. అక్కడితో ఆగిపోవడమే తప్పు. అరగంటలో వాళ్లకు ఏది కుదరదో చెప్పాను. రేపటి నుంచి ఏం చేయాలో ఒక్కటీ చెప్పలేదు. ఇంకో పొరపాటు కూడా జరిగింది. "తాగితేనే ఆయన చేతులు నిలుస్తాయి, లేకపోతే గ్లాసు కూడా పట్టుకోలేరు" అని భార్య చెబితే నోట్సులో రాసుకున్నాను. పొద్దున్నే వణుకు, తాగితే తగ్గడం అంటే శరీరం మద్యానికి అలవాటుపడిపోయిందని అర్థం. అలాంటి మనిషి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణాపాయమని ఆ రోజే, ఆ గదిలోనే చెప్పవలసింది. చెప్పలేదు.

నలభై అయిదు రోజులు

మూడు వారాల తర్వాత, తెల్లవారుజామున నాలుగింటికి ఇంటి ముందు జీపు ఆగింది. నలుగురు లోపలికి వచ్చి నిద్రలో ఉన్న మనిషిని ఎత్తుకెళ్లారు. బావమరిది డబ్బు కట్టి పిలిపించిన "సెంటర్" అది. మత్తు సమస్యకు మనుషులను లోపల ఉంచి చికిత్స చేసే చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం చెబుతుంది. అక్కడ బోర్డు ఉంది, రిజిస్ట్రేషన్ లేదు. డాక్టరూ లేడు. రెండో రోజు అతనికి ఫిట్స్ వచ్చాయి. మీద నీళ్లు చల్లారట. బతకడం అదృష్టం.

నలభై అయిదు రోజుల తర్వాత ఇంటికి తెచ్చి దింపిన సాయంత్రమే తాగాడు. ఆ రాత్రి నుంచి షాపులో, లోపలి నుంచి తాళం వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇలాంటి చోట్లకు పంపిన కుటుంబాలను తిట్టడం తేలిక. నేనూ మనసులో తిట్టుకున్నాను. కానీ వాళ్లు నా గదిలోంచే అటు వెళ్లారు. ఆ పిటిషన్ వేసి ఉంటే మేజిస్ట్రేటు మహా అయితే పది రోజుల పరీక్షకు ఆదేశించి ఉండేవారు, నేను చూసి పంపేసి ఉండేవాడిని, తాగుడు అలాగే ఉండేది. అయినా ఆ పది రోజులూ డాక్టర్లూ నర్సులూ ఉన్న చోట గడిచేవి. కోర్టు దారిని నేను మరీ తేలిగ్గా తీసిపారేశానని ఇప్పుడు అనిపిస్తుంది.

భార్యతో మాత్రమే

రెండు నెలలకు భార్య ఒక్కతే వచ్చింది. ఈసారి పిటిషన్ ఊసెత్తలేదు. "జీపు చప్పుడైతే లేచి కూర్చుంటున్నారు. నేనే పట్టించానని అనుకుంటున్నారు. ఇప్పుడు నేనేం చేయను?" అంది.

రానివాడి కోసం వేచి ఉండకుండా, వచ్చినవారితో పని మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. క్రాఫ్ట్ అంటారు. అమెరికాలో 1999లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చికిత్సకు ఒప్పుకోని తాగుబోతుల తాలూకు 130 మందిని మూడు రకాల సహాయానికి పంచారు. క్రాఫ్ట్ నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం తమవాళ్లను చికిత్సదాకా తేగలిగాయి. అందరూ చుట్టూ కూర్చుని నిలదీసే పద్ధతిలో అది 30 శాతం, తాగేవాళ్ల కుటుంబాలు కలిసి కూర్చునే అల్-అనాన్ సంఘాల తరహా సహాయంలో 13 శాతం. మన ఊళ్లలో అంకెలు ఇలాగే వస్తాయని అనలేను. కానీ ఆమె ముందు పెట్టడానికి నా దగ్గర ఇంతకంటే మెరుగైనది లేదు.

మొదట భద్రత. అతను చేయి ఎత్తితే పిల్లలతో ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండేలా ఆదేశం అడిగే హక్కు. ఇవి తేలకుండా మిగతా పని మొదలుపెట్టకూడదు.

తర్వాత ఒక నోటు పుస్తకంలో ఆమె పదిహేను రోజుల లెక్క రాసింది. ఎప్పుడు తాగాడన్నది కాదు, ఎప్పుడు ఆలస్యంగా తాగాడన్నది. అందులో ఒక సంగతి బయటపడింది. నాట్ల సమయంలో రైతు వచ్చి ఎదురుగా కూర్చుంటే మధ్యాహ్నం దాకా ఒక్క క్వార్టర్‌తో నెట్టుకొస్తున్నాడు. పని పాడైతే సిగ్గుపడుతున్నాడు. అంటే పట్టు దొరికింది. మనం నీతులు చెప్పనక్కర్లేదు, అతనికి సొంత నీతి ఒకటుంది.

అప్పటిదాకా ఆమె ఆ సిగ్గు అతనిదాకా చేరకుండా అడ్డు నిలబడుతోంది. రైతు ఫోన్ చేస్తే "ఆయనకు జ్వరం" అని చెప్పేది. దుకాణంలో అప్పు ఆమే తీర్చేది. ఈ రెండూ మానమన్నాను. కోపంతో కాదు, చెప్పి మానడం. మామూలుగా ఉన్న ఒక సాయంత్రం "ఇకనుంచి మీ ఫోన్లు మీరే మాట్లాడండి, నేను అబద్ధం చెప్పను" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవడం. తాగి వచ్చిన రాత్రి వాదన పెట్టుకోకుండా పిల్లలతో మేడ మీది వాళ్లింటికి వెళ్లడం. తాగకుండా వచ్చిన సాయంత్రం మాత్రం అతనితోనే ఉండటం. ఈ చివరిదే ఆమెకు కష్టమైంది. "అంత ఏడిపించినవాళ్లతో నవ్వుతూ ఎలా మాట్లాడను?" అంది. నవ్వనక్కర్లేదన్నాను. ఎదురుగా కూర్చుంటే చాలు.

అయిదో వారంలో ఒక రైతు వారం కిందట తీసుకెళ్లిన మోటారును కాలిపోయిందని తిరిగి తెచ్చాడు. చుట్లు తక్కువపడ్డాయి. రైతు ఏమీ అనకుండా దాన్ని షాపు ముందు దించి వెళ్లాడట. ఆ సాయంత్రం అతను తాగలేదు. "లెక్క నిలవడం లేదు" అన్నాడట భార్యతో. ఎదురుచూస్తున్న క్షణం అదే అనుకుని ఆమె మేం అనుకున్న మాటే అంది: "ఒకసారి రక్తపరీక్ష చేయించుకుందామా, నేనూ వస్తాను."

"డాక్టర్లు వద్దు. మాల వేసుకుంటాను" అన్నాడు.

మూడో రాత్రి

కార్తీకమాసం. అయ్యప్ప దీక్ష నలభై ఒక్క రోజులు. నల్ల బట్టలు, చన్నీళ్ల స్నానం, నేల పడక, మద్యం ముట్టకపోవడం. తాగుడు మానడానికి ఇంతకంటే గౌరవమైన దారి మన ఊళ్లలో లేదు. ఆ నలభై ఒక్క రోజులూ ఎవరూ తాగమని బలవంతం చేయరు, ఊరంతా "స్వామీ" అని పిలుస్తుంది. ఆమె సంతోషపడింది, ఆ సంగతి నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు. అయిదు వారాలుగా నేను అతను ఎలా వస్తాడన్నదే ఆలోచించాను, అతనే మానేస్తే ఏం జరుగుతుందన్నది ఆలోచించలేదు. మొదటి రోజు చేసిన తప్పే ఇది, రెండోసారి.

మద్యం ఆపిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య సన్నిపాతం, అంటే మతి చలించి లేనివి కనిపించడం. మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చింది. అతను గోడల మీద పురుగులు పాకుతున్నాయంటున్నాడు, ఒళ్లు కాలిపోతోంది, చేతిలో పెద్ద స్పానర్ పట్టుకుని డాబా పిట్టగోడ ఎక్కాడు. "జీపు వచ్చింది, పట్టుకుపోతారు" అని అరుస్తున్నాడు. వీధిలో ఏ జీపూ లేదు. సన్నిపాతంలో మనసు భయాలను కొత్తగా పుట్టించుకోనక్కర్లేదు, ఉన్నవే చాలు.

పక్క షాపు వెల్డింగ్ ఆయన మాటల్లో పెట్టి కిందికి దింపాడు. 108లో తెచ్చారు. నాడి 130 దాటింది, చెమటలు, తానెక్కడున్నాడో తెలియదు. ఇక్కడ నాకు సందేహం లేదు. అతని సమ్మతి అడగడానికి అతను అక్కడ లేడు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. సెక్షన్ 94 కింద అత్యవసర చికిత్సకు 72 గంటలు. ఫిట్స్‌ను, ఆందోళనను అణిచే లొరాజెపామ్ సూదులు, గ్లూకోజు ఎక్కించకముందే థయామిన్ అనే బి1 విటమిన్. ఆ వరుస తప్పితే మెదడు దెబ్బతినవచ్చు. సెలైన్ సూది పీకేస్తుంటే చేతులకు గుడ్డ పట్టీలు కట్టవలసి వచ్చింది. గంటలోపే విప్పాం, ఎందుకు కట్టామో రికార్డులో రాశాం.

72 గంటల తర్వాత కూడా తేరుకోలేదు. ఇప్పుడు సెక్షన్ 89. ప్రతినిధి ఎవరు? బావమరిది పెన్ను తీసి ముందుకు వచ్చాడు. కట్టిన డబ్బు అతనిదే, తిరిగే ఓపికా అతనికే ఉంది. కానీ రోగి భయమంతా ఆ మనిషి చుట్టూనే ఉంది. తేరుకున్నాక కాగితం మీద ఆ సంతకం చూస్తే ఈ ఆసుపత్రి కూడా జీపే అవుతుంది. భార్య చేత సంతకం పెట్టించాను. ఇద్దరం విడివిడిగా పరీక్షించాం, ఇలాంటి చేర్పులను పరిశీలించే సమీక్షా మండలికి గడువులోగా తెలియజేశాం.

ఆరో రోజు పొద్దున తేరుకున్నాడు. తేదీ అడిగితే చెప్పాడు. మాల ఎక్కడని అడిగాడు.

తలుపు తీయడం

ఈ కేసులో కష్టమైన నిర్ణయం ఇక్కడే ఉంది. చేర్చుకోవడంలో లేదు. బావమరిది, తల్లి ఇద్దరూ, "ముప్పై రోజులు ఉంచవచ్చని మీరే చెప్పారు, ఉంచండి" అన్నారు. దొరికిన మనిషిని వదలకూడదని వాళ్ల బాధ. నాకూ లోపల అదే ఉంది. ఇప్పుడు పంపితే వారంలో తాగుతాడని తెలుసు.

కానీ ముప్పై రోజులనేది గరిష్ఠ గడువు, శిక్షాకాలం కాదు. షరతులు పోయిన రోజున బలవంతం చేసే అధికారమూ పోతుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అతని జబ్బులో సగం తాగుడైతే సగం ఆ తెల్లవారుజాము. మళ్లీ గడియ పెడితే, ఈసారి డాక్టర్లూ అంతేనని రుజువవుతుంది. మధ్యాహ్నం వెళ్లి చెప్పాను: "ఇప్పటినుంచి మీరు మీ ఇష్టం మీద ఉన్న రోగి. ఇప్పుడే వెళ్లవచ్చు. ఇంకో వారం ఉంటే మంచిదని నా సలహా. ఉంటే సంతకం మీది."

"తలుపుకు గడియ లేదా?" అన్నాడు. లేచి వెళ్లి తలుపు తీసి వరండాలోకి చూసి వచ్చి పడుకున్నాడు. సంతకం పెట్టాడు. మూడు రోజులున్నాడు, నేనడిగిన వారం కాదు. బావమరిది నాతో మాట్లాడటం మానేశాడు.

ఆ మూడు రోజుల్లో నా మాటలకంటే గురుస్వామి రాక ఎక్కువ పనిచేసింది. మాల తీసేయవలసి వచ్చిందన్న అపరాధభావం అతన్ని తొలిచేస్తోంది. గురుస్వామి మంచం పక్కన కూర్చుని, వైద్యం కోసం తీసినది దోషం కాదని, వచ్చే ఏడు ఒళ్లు బాగున్నాక మళ్లీ వేస్తానని చెప్పారు. బయటికి వచ్చాక నన్ను అడిగారు: మాల వేసుకున్న మూడో రోజు ఇలా అయ్యేవాళ్లు ఎవరో ముందే ఎలా తెలుస్తుంది? పొద్దున్నే చేతులు వణికేవాళ్లు, తాగితే వణుకు ఆగేవాళ్లు, ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు అన్నాను. అప్పటినుంచి ఆయన దీక్షకు పది రోజుల ముందే కొందరిని పంపిస్తున్నారు. తగిన మందులతో నెమ్మదిగా మాన్పించి, ఆ తర్వాత మాల.

ఆ తర్వాత

ఇంటికి వెళ్లిన పదకొండో రోజు తాగాడు. కాలేయ పరీక్షలు కుదుటపడ్డాక తాగాలన్న ఆరాటాన్ని తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్ర 50 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. డైసల్ఫిరామ్ పేరెత్తలేదు, చారు సంగతి గుర్తుంది కనుక. పద్నాలుగు నెలల్లో నాలుగుసార్లు జారాడు. ఒకసారి వరసగా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిదో రోజు తనే ఫోన్ చేసి, "ఒక్కసారిగా ఆపకూడదు కదా, ఏం చేయను?" అని అడిగాడు. ఎక్కువకాలం తాగకుండా ఉన్నది అయిదు నెలలు. షాపు నడుస్తోంది. పడక ఇంటికి మారింది, కానీ తలుపు పక్కనే.

కిందటి నెల భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ముందస్తు నిర్దేశం గురించి నేనే చెప్పాను. స్పృహలో ఉన్నప్పుడే మనిషి, రేపు తనకు తెలివి తప్పితే ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకునే హక్కు. ప్రాణాపాయంలో చేసే అత్యవసర చికిత్సకు అది వర్తించదని కూడా చెప్పాను, తర్వాత మోసపోయానని అనుకోకూడదు కదా.

కాగితం తీసుకుని తనే రాశాడు. వేళ్లు పెద్దగా వణకలేదు. మళ్లీ ఆ స్థితి వస్తే ఒప్పుకోకపోయినా ఆసుపత్రిలో చేర్చాలి. పేరు రాసిన ఆసుపత్రికి తప్ప ఇంకెక్కడికీ తీసుకెళ్లకూడదు. తెల్లవారుజామున తీసుకెళ్లకూడదు. ప్రతినిధి భార్య. మతి కుదుటపడగానే తనను అడగాలి.

ఇద్దరు సాక్షులు కావాలన్నాను. ఒకరు గురుస్వామి. రెండో పేరుగా భార్య మెల్లగా తమ్ముడి పేరు చెప్పింది. అతను వద్దని తల ఊపి, బయట మోటారు సైకిల్ మీద కూర్చుని ఉన్న వెల్డింగ్ ఆయనను లోపలికి పిలిచాడు.